ఇల్లరికపు అల్లుళ్ళ కారు

ఇల్లరికం అల్లుడంటే మన వాళ్ళకు యెందుకో చులకన. సినిమాల్లో అతన్ని చూసి నవ్వుతారు, పెళ్ళిళ్ళలో అతని వెనకాల గుసగుసలాడతారు. అత్తవారింట్లో అతని మాటకు యేపాటి విలువో తమకు తెలియదా అన్నట్టు మూతి విరుస్తారు. జపాను దేశంలో అలా కాదు. అక్కడ పరువు గల వ్యాపార కుటుంబాల్లో సమర్థుడైన కుర్రవాణ్ణి వెతికి పిల్లనివ్వడం, అతనికి తమ యింటిపేరు పెట్టి దత్తత చేసుకోవడం, పెత్తనం చేతికివ్వడం పాత ఆచారం. అలా వరసగా ముగ్గురు అల్లుళ్ళు నడిపించిన కంపెనీవారి కారు ఒకటి మన వీధుల్లో నలభై యేళ్ళుగా తిరుగుతున్నది. కంపెనీ పేరు సుజుకీ. మన వాళ్ళ నోట మాత్రం అది "మారుతి".

మూలపురుషుడు మిచియో సుజుకీ వడ్రంగం నేర్చినవాడు. జపానులో హమమత్సు ప్రాంతం పత్తికీ నేతకీ పెట్టింది పేరు. అక్కడే 1909లో మగ్గాలు తయారు చేసే చిన్న కార్ఖానా పెట్టాడు. కార్ల కంపెనీకి మగ్గం పుట్టిల్లు కావడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు గాని, మా ఉప్పాడ వైపు నేతగాళ్ళను అడిగి చూడండి. మగ్గం చక్కగా ఆడాలంటే యెన్ని చిన్న చిన్న భాగాలు ఒకదానికొకటి లెక్క తప్పకుండా కదలాలో చెబుతారు. ఆ లెక్క పట్టుబడ్డవాడికి యింజను మరీ పరాయిది కాదు. 1937 నాటికే ఆయన చిన్న కార్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. యుద్ధం వచ్చి అవి మూలపడ్డాయి. యుద్ధం తర్వాత మగ్గాల బేరాలూ పడిపోయాయి.

మొదటి అల్లుడు షుంజో సుజుకీ కథ నాకు భలే యిష్టం. చేపలు పట్టడానికి సైకిలు మీద వెళ్ళి వస్తుంటే యెదురుగాలి కొట్టిందట. తొక్కలేక ఆయాసపడుతూ, యీ సైకిలుకే చిన్న యింజను తగిలిస్తే పోలేదా అనుకున్నాడట. 1952లో 36 సీసీల బుల్లి యింజను పెట్టిన సైకిలు అలా బయటికొచ్చింది. మన యింట్లో అల్లుడు పనివేళ మానుకుని చేపలకు పోతానంటే మామగారేమంటారో ఆలోచించండి! రెండేళ్ళకు కంపెనీ పేరులో మగ్గం పోయి మోటారు వచ్చింది. 1955లో సుజులైట్ అనే కారు వచ్చింది.

జపానువారు అప్పట్లో ఒక కొలత పెట్టుకున్నారు. యింజను 360 సీసీలు మించకుండా, కారు నిడివీ వెడల్పూ ఒక హద్దు దాటకుండా వుంటే పన్నులు తక్కువ. సన్నని సందులు, చిన్న జీతాలు వున్న దేశానికి అది తగిన యేర్పాటే. (ఆ హద్దు తర్వాత 550కి, 1990లో 660కి పెరిగింది.) సుజుకీవారు ఆ కొలతలోనే ఆరితేరారు.

రెండో అల్లుడు జిత్సుజిరోను దాటి మూడో అల్లుడి దగ్గరకు వస్తాను. ఒసాము మత్సుదా బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రవాడు. మిచియో మనవరాలిని 1958లో పెళ్ళి చేసుకుని ఒసాము సుజుకీ అయ్యాడు. 1978లో అధ్యక్షుడయ్యాడు. మరుసటి యేడు ఆల్టో అనే కారు తెచ్చి ధర 4 లక్షల 70 వేల యెన్లని ప్రకటించాడు. తోటి కంపెనీల వాళ్ళు ఔరా అనుకున్నారు. అందులో కిటుకేమిటంటే, దాన్ని సరుకులు మోసే వ్యానుగా లెక్క రాయించాడు. ప్రయాణీకుల కార్ల మీద వేసే పన్ను దానికి పడలేదు. వెనక సీటు వుండీ లేనట్టుగా వుండేది. పగలు కూరలకూ సరుకులకూ తిరిగే ఆడవాళ్ళకు అది చాలునని ఆయన లెక్క. ఒక్కో భాగంలో ఒక్క గ్రాము బరువూ ఒక్క యెన్ ఖర్చూ తగ్గించమని యింజనీర్ల వెంటపడే మనిషి మరి! మా అత్తగారు బతికి వుంటే, "అలాంటి వాడికి కళ్ళు మూసుకుని పిల్లనివ్వచ్చే" అని వుండేది.

ఆ ఆల్టోయే మరికొంచెం పెద్ద యింజనుతో, 796 సీసీలతో, మన దేశానికొచ్చి మారుతి 800 అయింది. మారుతి పేరు వెనకాల పెద్ద కథే వుంది. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన కంపెనీ కార్లు తీయకుండానే మూతపడింది. ఆయన 1980లో విమాన ప్రమాదంలో పోయాక ప్రభుత్వం దాన్ని తీసుకుని 1981లో కొత్త కంపెనీ పెట్టింది. 1982 అక్టోబరులో సుజుకీతో ఒప్పందం కుదిరింది. అప్పట్లో సుజుకీ వాటా 26 శాతమే. 2002లో అది సగం దాటింది, 2007లో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. ఇక్కడ కూడా అల్లుడే యింటివాడయ్యాడన్నమాట.

1983 డిసెంబరు 14న గుర్‌గావ్ కార్ఖానాలో ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకాయన చేతిలో పెట్టారు. ధర సుమారు 48 వేలు. లక్షకు పైగా జనం ముందే డబ్బు కట్టి వరసలో నిలబడ్డారు. ఆ మొదటాయన 2010లో కన్నుమూసేదాకా ఆ కారును వదల్లేదు. దాన్ని బాగుచేయించి కంపెనీవారే యిప్పుడు తమ కార్యాలయంలో నిలబెట్టుకున్నారు. కార్ఖానాలో అధికారులకూ కార్మికులకూ ఒకే రకం దుస్తులు, ఒకే క్యాంటీను అని పేపర్లలో చదివి మా వారు, "మా కాలేజీ ప్రిన్సిపాలుగారికి యీ ముక్క యెవరైనా చదివి వినిపిస్తే బాగుండు" అనేవారు.

మేము కొన్నది 1994లో. అయిదేళ్ళు వాడిన తెల్ల కారు, ఒక డాక్టరుగారి దగ్గర. లెక్చరరు జీతంతో కొత్తది అందేది కాదు. మా అత్తగారు చూసి, "ఇదేమిట్రా, అగ్గిపెట్టెలా వుంది! తలుపు వేస్తే తపేలా మూత వేసినట్టుందే" అన్నది. అన్నదేగాని, అన్నవరంలో పూజ చేయించేదాకా అందులో యెవరినీ యెక్కనివ్వలేదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాక, కొండ మీదికి యేడుగురం బయల్దేరాం. 650 కిలోల కారు, అందులో యేడుగురు మనుషులు, ఒక పులిహోర గిన్నె! పాపం, మొదటి గేరులో మూలుగుతూనే యెక్కింది.

అందరి యిళ్ళలోనూ అప్పుడు యిదే వరస. పెళ్ళికి వెళ్ళాలంటే ఒక మారుతిలో ఒక కుటుంబం కాదు, కుటుంబమున్నర. పై వూళ్ళో ఆగిపోతే ఆ వూరి మెకానిక్కే బాగుచేసి పంపేవాడు. సామాను దొరకలేదన్న మాట మేము వినలేదు. మా మెకానిక్కు సాయిబుగారు బానెట్టు యెత్తకుండానే, చెవి పెట్టి విని, "ప్లగ్గులమ్మా, రేపు పొద్దున తీసుకురండి" అనేవారు. లీటరుకు పదహారు, పదిహేడు కిలోమీటర్లు వచ్చేదని మా వారి డైరీలో లెక్క వుంది.

అయితే ఆ కారు చేసిన అసలు పని వేరే వుంది. అంబాసిడరు స్టీరింగు తిప్పాలంటే భుజబలం కావాలి. దాని గేరు స్టీరింగు కిందనే వుండేది, అది పడే చోటు దాని డ్రైవరుకే తెలియాలి. మారుతి గేరు నేల మీద, చేతికందేంత దగ్గర. క్లచ్చు తేలిక. ఆడవాళ్ళు నడపలేరన్న మాటకు అప్పటినుంచి ఆధారం లేకుండా పోయింది. నేను ముప్ఫై యెనిమిదో యేట నేర్చుకున్నాను. కాలేజీ మైదానంలో మా వారు పక్కన కూర్చుని అరుస్తూ నేర్పారు. వారం దాటాక ఆయన్ను దింపేసి ఒక్కదాన్నే నేర్చుకున్నాను, అప్పుడే వచ్చింది.

1998లో ఒక రాత్రి, మా వారు పరీక్షల పనిమీద పై వూరు వెళ్ళారు. నేనూ అత్తగారూ పిఠాపురంలో బంధువుల యింట వున్నాం. పదకొండింటికి ఆవిడకు మాట తడబడింది, కుడి చెయ్యి లేవలేదు. ఆ వేళకు టాక్సీ దొరకదు. ఇంట్లో మగవాళ్ళెవరికీ కారు రాదు. అంతవరకు నేను చీకట్లో వూరు దాటి నడిపి యెరగను. ఆవిణ్ణి వెనక సీట్లో మా ఆడపడుచు ఒళ్ళో పడుకోబెట్టి, కాకినాడ దాకా లారీల వెలుగులో కళ్ళు చికిలించుకుంటూ తీసుకొచ్చాను. దారిలో నేను హారను కొట్టినప్పుడల్లా ఆవిడ "ఊఁ" అంటూ వుండేది. ఆ "ఊఁ" కోసమే అవసరం లేకపోయినా కొడుతూ వచ్చాను. డాక్టర్లు వేళకు తెచ్చారన్నారు. ఆ తర్వాత ఆవిడ ఆరేళ్ళు బతికింది. కారును అగ్గిపెట్టె అనడం మాత్రం మానేసింది.

ఇంత చెప్పాక, మా చెల్లెలు నా మీద కోపంగా వున్నదంటే మీరు నమ్మరు. దాని కూతురికి విశాఖపట్నంలో ఉద్యోగం. పోయిన సంక్రాంతికి వచ్చి, "పెద్దమ్మా, మీ కారు యెలాగూ రోజూ తియ్యరు కదా, నాకిచ్చెయ్యి. శనాదివారాలు నేనే నడుపుకుంటూ యింటికొస్తా" అన్నది. నేను కుదరదన్నాను. "ముప్ఫై యేళ్ళు నువ్వు తిరగలేదా? నా కూతురు తిరిగితే అరిగిపోతుందా?" అని మా చెల్లెలు మూతి ముడుచుకుంది.

అరుగుతుందని కాదు. ఒక్కో గ్రాము తగ్గించుకుంటూ వచ్చిన బండి అది. ఆ పొదుపు వల్లనే మాబోటి వాళ్ళకు అందింది, ఆ పొదుపు వల్లనే దానికి గాలిసంచులు లేవు, ముందు భాగంలో దెబ్బ కాచుకునే సత్తువా లేదు. దాని తర్వాత వచ్చిన ఆల్టో 800 నే 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గోడకు గుద్దించి చూస్తే, పెద్దవాళ్ళ రక్షణకు ఒక్క చుక్క కూడా రాలేదు. ఈ దేశంలో డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరి అయిందే 2019లో. 2025 నుంచి ఆల్టోలో ఆరు గాలిసంచులు పెడుతున్నారు. కంపెనీవారే అంత మారినప్పుడు, 1989 నాటి కారులో పాతికేళ్ళ పిల్లను ఆరు వరసల హైవే మీదికి, వంద దాటి పోయే బళ్ళ మధ్యకు నేనెలా పంపను? మేము తిరిగిన రోజుల్లో మాకెదురొచ్చినవి యెడ్లబళ్ళూ, అరవై దాటని లారీలూ. పిల్లకు యిదంతా చెబితే వింది. తల్లే వినలేదు.

"అమ్మెయ్యి మరి, దాచుకుని పూజ చేస్తావా?" అన్నది. అమ్మనూ లేదు, తుక్కు కింద యివ్వనూ లేదు. మారుతి 800 అమ్మకాలు హైదరాబాదులాంటి పెద్ద నగరాల్లో 2010లోనే ఆగాయి, తయారీ 2014 జనవరిలో ముగిసింది. మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడయిన కారు గనక సామాను యింకా దొరుకుతున్నది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను అయిదేళ్ళకోసారి తిరగరాయించాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 యేప్రిల్ నుంచి 5 వేలయింది. 2024లో కట్టి వచ్చాను. అదే యేడాది డిసెంబరులో ఒసాము సుజుకీ 94 యేళ్ళ వయసులో పోయాడు, మన ప్రభుత్వం తర్వాత పద్మవిభూషణ్ యిచ్చింది.

కారుకిప్పుడు రైతు బజారు, బ్యాంకు, గుడి, అంతే. మొన్న సెలవులకు పిల్ల వచ్చినప్పుడు, "వూళ్ళో వరకైతే తీసుకో" అని తాళాలిచ్చాను. పావుగంట యింజను గిరగిర తిప్పి, స్టార్టవక, కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది: "పెద్దమ్మా, చోకు లాగమన్నావు సరే, చోకంటే ఏది?"