తాళం వేస్తే తగ్గే జబ్బు కాదు

కాశీబుగ్గలో పెళ్లి బంతిలో కూర్చుని మారు మీద మారు వడ్డించుకున్నవాడిని చూసి ఎవరూ జబ్బు మనిషి అనుకోరు. అనుకోనక్కర్లేదు కూడా. నలుగురితో నవ్వుతూ కడుపునిండా తినడం జబ్బు కాదు. అసలు జబ్బు ఇల్లంతా నిద్రపోయాక వంటింట్లో బయటపడుతుంది.

పగలు అందరి ముందూ పిడికెడు మెతుకులతో లేచిపోయిన మనిషి, రాత్రి ఆకలి లేకపోయినా తపేలాలోని అన్నం, డబ్బాలోని జంతికలు, పిల్లల బిస్కెట్లు గబగబా తినేస్తారు. ఆపాలనుకున్నా చేయి ఆగదు. కడుపు నొప్పెట్టేదాకా తిని, ఆపైన సిగ్గుతో కుమిలిపోతారు. ఖాళీ పొట్లాలు బట్టల కింద దాస్తారు. వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా సాగితే డాక్టర్లు దానిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. మగవారికీ వస్తుంది.

అమెరికా డాక్టరు ఆల్బర్ట్ స్టంకార్డ్ ఈ తీరును 1959లోనే వివరించారు. అక్కడి మానసిక వైద్యుల సంఘం దీనిని ప్రత్యేక జబ్బుగా గుర్తించింది మాత్రం 2013లో. డాక్టర్లకే యాభై ఏళ్లు పైబడి పడితే, పల్లెల్లో తెలియలేదని తప్పు పట్టడానికి లేదు.

తెలియకపోవడం వేరు, ఎగతాళి చేయడం వేరు. తిండిపోతు, కక్కుర్తి మనిషి అంటూ ఇంట్లోవారే దెప్పుతారు. అలమరకు తాళం వేస్తారు. దానితో తిండి తగ్గదు, దాపరికం పెరుగుతుంది. ఒళ్లు వచ్చిందని పస్తులుంటే మరీ ముప్పు. పగలు మాడిన కడుపు రాత్రి పగ తీర్చుకుంటుంది. అయితే జీడి పరిశ్రమలో పొద్దంతా పనిచేసి, మధ్యాహ్నం తినని మనిషి రాత్రి నాలుగు ముద్దలు ఎక్కువ తింటే అది ఆకలే. దానికి జబ్బు పేరు పెట్టడం అన్యాయం.

ఉద్దానం కిడ్నీ జబ్బుకూ దీనికీ ముడి పెట్టనక్కర్లేదు. కాని పథ్యం మీద ఉన్న రోగి ఇలా చాటుగా తింటూ డాక్టరు దగ్గర కూడా దాస్తే, మందు పనిచేయలేదనుకుంటారే తప్ప అసలు సంగతి ఎవరికీ తెలియదు. బీపీ, చక్కెర ఉన్నవారి సంగతీ అంతే.

ఇది నయమయ్యే జబ్బే. వేళకు తినడం, ఎప్పుడు ఏ దిగులుతో తిన్నదీ రాసుకోవడం, మానసిక వైద్యులతో మాట్లాడటం ఇందులో ముఖ్యం. అవసరమైతే మందులూ ఉన్నాయి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు సంగతి అడుగుతూనే ఉన్నారు. తిన్న తరువాత బాధపడుతున్నావా అమ్మా అన్న ఒక్క మాట కూడా అడగాలి. అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి.