పేగు ఆపరేషన్‌కి రోబోనే కావాలా? ల్యాప్రోస్కోపీ చాలదా?

విశాఖ: రిఫైనరీ, షిప్‌యార్డ్ జీతాలపై నడిచే మల్కాపురం లాంటి చోట ఆపరేషన్ అనగానే వచ్చే ప్రశ్న బిల్లెంత అని. రోబో అంటే ఆ బిల్లు ఇంకా పెరుగుతుంది. మరి అంత పెట్టడం అవసరమా?

ముందుగా ఓ అపోహ. రోబో తనంతట తాను కోయదు. కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జనే దాని చేతులు కదుపుతారు. రెండు పద్ధతుల్లోనూ పొట్టపై చిన్న రంధ్రాలే. తేడా లోపల ఉంది. ల్యాప్రోస్కోపీ పరికరాలు కర్రల్లా తిన్నగా ఉంటాయి, రోబోవి మణికట్టులా తిరుగుతాయి. కటి భాగంలో ఇరుకుగా ఉండే మలాశయం దగ్గర ఇదే అసలు ప్లస్.

2017లో వచ్చిన రోలార్ ట్రయల్‌లో 10 దేశాల్లో 471 మంది మలాశయ క్యాన్సర్ రోగులను పరిశీలించారు. మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది ల్యాప్రోస్కోపీలో 12.2 శాతం మందికి, రోబోలో 8.1 శాతం మందికి. చూడ్డానికి తేడానే, కానీ గణాంకాల లెక్కలో నిలబడలేదు.

చైనాలో వెయ్యి మందికి పైగా రోగులపై జరిగిన రియల్ ట్రయల్ మాత్రం రోబో వైపే మొగ్గింది. 2025 ఫలితాల ప్రకారం మూడేళ్లలో అదే చోట క్యాన్సర్ తిరగబెట్టింది రోబోలో 1.6 శాతం, ల్యాప్రోస్కోపీలో 4 శాతం. అయితే అది మలాశయం మధ్య, కింది భాగాల క్యాన్సర్‌కే. అపెండిక్స్‌కి కూడా రోబో అంటే ఒకసారి ఆలోచించాల్సిందే.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీలో రోబో సర్జరీ పరిమితి చూసుకోవాలి. అది దాటిన సొమ్ము చేతి నుంచే. ఇలాంటివి ఎన్ని చేశారో డాక్టర్‌ని అడగడానికి మొహమాటం వద్దు.