విరిగిన రాళ్లును ఓపికగల విద్యయు

గత సంవత్సరము చరిత్ర పాఠమునందు ఇటలీదేశపు పునరుజ్జీవన యుగము ప్రసక్తికి వచ్చినది. ఆనాటి ప్రభువులును మతాధికారులును విరిగిన ప్రాచీన శిల్పములను గొప్ప వెలలిచ్చి కొనిరనియు, ఆ శిల్పముల వృత్తాంతములు వ్రాయుటకే జీవితమును వెచ్చించిన పండితులు మన కాలమునను గలరనియు చెప్పితిని. అంతట నొక విద్యార్థి లేచి, "అయ్యా, విరిగిన రాళ్లకు జాబితా వ్రాసినందువలన లోకమునకేమి లాభము?" అని యడిగెను. కొందఱు నవ్విరి. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. గంట మ్రోగినందున నాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాను.

1506 వ సంవత్సరము జనవరి మాసమున రోమునగరమందలి యొక ద్రాక్షతోటలో పాలరాతి ప్రతిమ యొకటి బయల్పడెను. సర్పములు చుట్టుకొనగా ఇరువురు కుమారులతో గూడ పెనుగులాడుచున్న లావొకూను ప్రతిమ యది. జూలియానో ద సంగల్లో అను శిల్పియు మైకెలాంజిలోయు దానిని చూడబోయిరి. ఒకటవ శతాబ్దమున ప్లినీ యను రోమను రచయిత కొనియాడిన ప్రతిమ యిదియేయని సంగల్లో గుర్తించెను. రెండవ జూలియస్ పోపు దానిని కొని వాటికను నగరున నిలిపెను. దానికి కుడిచేయి లేదు. పిమ్మటి శిల్పులు, చేయి పైకి చాచియున్నట్లు తలంచి క్రొత్తదానిని చేర్చిరి. కొన్ని శతాబ్దములు లోకము ఆ చాచిన చేతినే చూచి మెచ్చుకొనెను. 1906 లో లుడ్విగ్ పొలాక్ అను పురావస్తు పండితుడు రోములో నొక రాతిపనివారి చోట వెనుకకు వంగిన చేతి తునకను కనుగొని వాటికనుకు సమర్పించెను. అది ఆ ప్రతిమదేయని నిర్ణయించి యతికించుటకు మరి యర్ధశతాబ్దము పట్టెను.

ఇట్టి యతుకులు వేనవేలు. ఏ ముక్క పాతది, ఏ ముక్క క్రొత్తది, ఏ చిత్రకారుడు దేనిని ఏ స్థితిలో చూచెను అను సంగతి తెలియనిచో, మనము మెచ్చుకొనునది ప్రాచీనుల పనియో తరువాతివారి యూహయో చెప్పలేము. ఈ చిక్కును విడదీయ బూనినవారిలో ముఖ్యురాలు ఫిల్లిస్ ప్రే బోబర్ అను అమెరికా విదుషీమణి (1920–2002).

1946 లో లండనునందలి వార్బర్గ్ సంస్థయందు, పునరుజ్జీవన యుగమువారు ఎరిగిన ప్రాచీన కళాఖండముల లెక్క యొకటి ప్రారంభమయ్యెను. ఆ సంస్థ గ్రంథాలయము నాజీల భయమున 1933 లో హాంబర్గు విడిచి లండను చేరినది. బోబరమ్మగారు ఆ పనికి పూనుకొనిరి. ఒక్కొక్క శిల్పమునకు ఒక్కొక్క కార్డు: అది యెక్కడ నుండెను, ఎవరి యింట నుండెను, ఎవరు దాని బొమ్మ గీసిరి, అప్పటికేమి విరిగియుండెను. ఇందుకై పాత జాబితాలను, ఉత్తరములను, చిత్రకారుల పుస్తకములను పరిశీలింపవలసి వచ్చెను. బొలోన్యా చిత్రకారుడగు అమికో అస్పెర్తీని ప్రాచీన శిల్పములను చూచి గీసిన బొమ్మలపై ఆమె 1957 లో గ్రంథము ప్రకటించిరి. 1973 లో బ్రిన్ మార్ కళాశాలయందు ఉన్నతవిద్యా విభాగమునకు డీన్ అయిరి. రూత్ రూబిన్‌స్టైన్ అను మరియొక విదుషీమణితో గూడి, 200 కు పైగా ప్రాచీన శిల్పముల వృత్తాంతములు గల గ్రంథమును 1986 లో వెలువరించిరి. ఆరంభమునకును ఆ గ్రంథమునకును నడుమ 40 సంవత్సరములు! ఆ లెక్క నేడు కంప్యూటరునకెక్కి, 1995 నుండి బెర్లినునందలి హంబోల్ట్ విశ్వవిద్యాలయమున సాగుచున్నది.

"కొన్నవారు లేకున్న ఆ రాళ్లే మిగులకపోయెడివిగదా" అని కొందఱందురు. నిజమే. రోములో ఎన్నియో పాలరాళ్లు సున్నపు బట్టీలలో కాలిపోయెను. 1471 లో నాలుగవ సిక్స్టస్ పోపు ప్రాచీన కంచువిగ్రహములను రోము ప్రజలకిచ్చి మేలు చేసెను. సేకరించినవారికి మనము కృతజ్ఞులమే. అయినను కొనువాని కన్ను మోసపోవును. 1496 లో రియారియో కార్డినలు ప్రాచీనమని కొన్న నిద్రించు మన్మథుని విగ్రహము, నిజమునకు యువకుడగు మైకెలాంజిలో చెక్కినది! ధనము వస్తువును తెచ్చును గాని దాని సత్యమును తేలేదు. సత్యమును దెచ్చునది విచారణ. కావున సేకరించినవారికంటె, సేకరింపబడినదానిని గూర్చి నిజము వ్రాసినవారికే మనము హెచ్చుగా ఋణపడియున్నామని నా దృఢాభిప్రాయము.

విద్యార్థులారా! పరీక్షకు ముందు పది దినములు చదివి ఫలమును కోరు మనకు, నలువదియేండ్లు కార్డులు వ్రాసినవారి చరిత్ర కనువిప్పు కావలెను. విన్నదానిని అట్లే వ్రాయక, ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి అని యడుగుడు. తెలియని చోట క్రొత్త చేయి యతికింపకుడు. తల్లిదండ్రులారా! ఈ పనిని నడపిన వారిరువురును స్త్రీలు. మీ కుమార్తె ఇంకను చదివెదనని వేడినపుడు, "ఎన్నాళ్లీ చదువు?" అని విసుగుకొనక ముందు ఒక్కమారు ఆ సంగతిని తలంపుడు.