"రోగనిరోధక శక్తి" ప్రకటనలు

సంపాదకులకు,

అయ్యా,

2020లో కరోనా వచ్చినది మొదలు దినపత్రికల ఆరోగ్య శీర్షికలలోను, వాని ప్రక్కన అచ్చగు ప్రకటనలలోను ఒక్కటే పాట వినబడుచున్నది. రోగనిరోధక శక్తిని పెంచుకొనుడట. పొడులు, కషాయములు, బిళ్ళలు, లేహ్యములు, అన్నియు ఆ పేరుతోనే అమ్ముడుపోవుచున్నవి. ఆ శక్తి తక్కువై కాక, అదుపు తప్పి బాధపడు రోగులు కూడ ఉన్నారని ఒక్క ప్రకటనలోనైన ఒక్క పంక్తి వేయరు. ఈ లోపమువలన మా యింట జరిగిన నష్టమును తెలుపుటకే ఈ లేఖ.

మాది బీదరు జిల్లాలో తెలంగాణ సరిహద్దున నున్న గ్రామము. మా అన్నగారి కుమారునికి ఇరువదియేండ్ల ప్రాయమున కడుపునొప్పి, రక్తవిరేచనములు పట్టుకొన్నవి. మా వైపు దీనిని పేచిష్ అందురు. కొందరు మొలలనిరి. ఒకచోట పేగు క్షయ అని తొమ్మిది మాసములు మందులు మ్రింగించిరి. వారిని తప్పుపట్టుట లేదు. మన దేశమున పేగుక్షయను, క్రోన్స్ వ్యాధిని వేరుచేయుట గొప్ప వైద్యులకును కష్టమే. తుదకు హైదరాబాదులో గొట్టముతో లోపల చూచి, ముక్క తీసి పరీక్షించి, క్రోన్స్ అని తేల్చిరి. ఇది పట్నవాసుల జబ్బని అనుకొనుట పొరపాటు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రో ఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రకటించిన పరిశీలనలో, పరీక్షించిన రోగులలో ఇట్టి పేగువాపు పల్లెలలోను పట్టణములలోను ఇంచుమించు ఒకే పాలులో కనబడినది.

ఇక అసలు సంగతి. మన ఒంటిలోని రక్షకకణములు ఒకదానికొకటి కబుర్లు పంపుకొనుటకు కొన్ని పదార్థములను విడుచును. వీనిని సైటోకైన్లందురు. శత్రువు వచ్చినాడు, రండి అని కొన్ని చెప్పును. చాలు, మరలిపొండి అని కొన్ని చెప్పును. 1975లో ఎలుకల కంతులను మాడ్చు పదార్థముగా కనుగొని ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరని పేరిడినది మొదటి జాతిది. క్రోన్స్ రోగి పేగులో అది పొంగిపొరలుచుండును. దానిని పట్టి కట్టివేయు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందును 1998లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతించిరి. ఇంటర్‌ల్యూకిన్ 10 రెండవ జాతిది. అది లేకుండ పుట్టించిన ఎలుకలకు పేగువాపు వచ్చినదని 1993లో తెలిసినది. దాని కబురు నందుకొను ద్వారము పుట్టుకతోనే చెడిన పసిబిడ్డలకు ఘోరమైన పేగువాపు వచ్చునని 2009లో తేలినది. అనగా ఈ బిడ్డలకు కావలసినది శక్తి కాదు, చాలించుమను మాట.

అట్లని కబుర్లన్నిటిని నొక్కివేయుటయు కుదరదు. ఇంటర్‌ల్యూకిన్ 17ను అడ్డగించి చూడగా క్రోన్స్ రోగులకు మేలు కలుగకపోగా కొందరికి ఎక్కువైనదని 2012లో వైద్యులు ప్రకటించిరి. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరే ఒంటిలో నిద్రించు క్షయక్రిములచుట్టు గోడ నిలిపి ఉంచును. దానిని కట్టివేసినచో క్షయ లేచుననుట 2001లోనే రుజువైనది. అందుచేతనే సూది వేయుటకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఇంత సున్నితమైన తూకమును "పెంచుట" అను ఒక్క క్రియతో చెప్పజూచుట ఏమి శాస్త్రము?

మా పిల్లవానికి అడాలిముమాబ్ సూదులు మొదలుపెట్టిరి. 2014 చివర నుండి ఇది మన దేశమందే తయారై, విదేశీ ధరకంటె చాల తక్కువకు దొరకుచున్నది. అయినను మా బోటివారికి భారమే. తోడుగా మెథోట్రెక్సేట్ ఇచ్చిరి. అది మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన పరిశోధనశాలనుండి వచ్చిన మందని విని ముచ్చటపడితిమి. యేడాదిలో మనిషి తేరుకొని పొలము పనులకు పోయినాడు.

అప్పుడు ఎవరో చెప్పిరి, ఈ సూది నిరోధకశక్తిని చంపునని. మాట పూర్తిగా అబద్ధము కాదు, అందుకే నమ్మినాడు. పత్రికలో చూచిన డబ్బా మందు తెప్పించుకొని, ఇంటిలో ఎవరికిని చెప్పక సూదులు మానినాడు. ఆరు నెలలకు పేగు సన్నగిలి మూసుకొనిపోగా, మూరెడు కోసివేయవలసివచ్చినది.

డబ్బా మందే పేగును మూసినదని నా వాదము కాదు. సూది మానుటకు ధైర్యమిచ్చినది మాత్రము ఆ ప్రకటనయే. ప్రకటనలు లేనిదే పత్రికలు నడువవని యెరుగుదును. అయినను ఇట్టి ప్రకటనలక్రింద, పేగువాపు, కీళ్ళవాతము వంటి వ్యాధులకు మందులు వాడువారు తమ వైద్యుని అడుగక వానిని మానరాదని, దీనిని పుచ్చుకొనరాదని ఒక పంక్తి, చదువుటకు వీలగు అక్షరములతో, అచ్చువేయించుట మీ చేతిలోని పని. మీ ఆరోగ్య శీర్షికలో సైటోకైన్లను గూర్చి ఒక వైద్యునిచేత వ్రాయించిన మరియు మేలు. తెలుగు పత్రికలు మా సరిహద్దు గ్రామములలోను చదువబడుచున్నవి. మా పిల్లవాడు ఆ ప్రకటనను చదివినది తెలుగులోనే.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
చింతకి, బీదరు జిల్లా.