వెల్లంపల్లి రేవు లెక్క (వాడ చరిత్ర - 9)

రైస్ బ్యాగ్. గొర్రెబిడ్డ. ఈ రెండు మాటలూ వేలికొనల మీద పెట్టుకు తిరిగే పెద్దమనుషుల కోసమే ఈ భాగం. మా వాళ్ళు కూడా చదవండి, మీకూ పని ఉంది.

ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. 1878 జూలై 3. ఆ ఒక్క రోజే 2,222 మంది ఏట్లో దిగి బాప్తిస్మం తీసుకున్నారు. దాదాపు అందరూ మాదిగలే. దానికి ముందు రెండేళ్ళు ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను, జాన్ క్లౌ దొర. ఇంకేం, మీ లెక్క తేలిపోయింది: ఆకలేసింది, అన్నం పెట్టారు, మతం మారారు.

సరే, లెక్కే చూద్దాం.

ఎర్రగుంట్ల పేరయ్య పేరు విన్నారా? తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. రాజయోగం సాధన చేసిన మనిషి. ఆయన బాప్తిస్మం 1866లో, కరువుకి పదేళ్ళ ముందు. ఏ బస్తా చూసి మారాడు? భార్యాభర్తలిద్దరూ కాలినడకన పల్లె పల్లె తిరిగి చెప్తేనే ఈ మాట వాడల్లోకి వచ్చింది. దొర వచ్చి పంచిపెడితే రాలేదు.

మారినవాళ్ళకి పెట్టిన షరతులు చూడండి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు. విగ్రహానికి మొక్కకూడదు. ఊరి జాతరలో డప్పు కొట్టడమూ మానేశారు. ఇది ఊరుకి నచ్చుతుందా? పని ఇవ్వలేదు, నీళ్ళు పోయనివ్వలేదు, కొట్టారు. అంటే మారితే ఉన్న గింజలు కూడా పోయేవి. కరువులో గొడ్లు చస్తుంటే ఆ మాంసం ముట్టనన్నవాణ్ణి మీరు తిండికి అమ్ముడుపోయాడంటున్నారు!

పైగా, తిన్నది ఊరికే తినలేదు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో క్లౌ మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు, కుర్రతనంలో సర్వే పని తెలిసినవాడు కాబట్టి. వేరే చోట్ల మేస్త్రీలు మాదిగల్ని బూతులు తిట్టి తరిమేస్తుంటే, ఇక్కడ మా బోధకులే మేస్త్రీలయ్యారు. మావాళ్ళు మన్ను తవ్వి, మోసి, కూలి తీసుకుని తిన్నారు. అగ్రహారాలు రాయించుకుని తిన్నవాళ్ళ మనవలు మాకు ఉచితాల గురించి పాఠం చెప్తున్నారు.

అసలు సంగతి ఇంకోటుంది. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు. డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేం లేదని చెప్పాక కూడా జనం పోలేదు. మేం డబ్బు కోసం రాలేదన్నారు. అప్పుడే గుండ్లకమ్మలో దిగారు.

మరి మద్రాసు సర్కారేం చేసింది? 1877లో టెంపుల్ దొర వచ్చి, రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. అదే సమయంలో రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. దాని గురించి ఎవరూ తిట్టుమాట కనిపెట్టలేదు.

ఇక మిషన్లకి. ఆ రోజు ఏట్లో నిలబడి, ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. అమెరికాలో మోగింది మాత్రం క్లౌ పేరు, 2,222 అనే అంకె. మా మనుషులు విరాళాల రిపోర్టులో అంకెలయ్యారు. ఈ జబ్బు ఇంకా తగ్గలేదు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని సరైన కాగితాల్లేకుండా సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. అనాథలన్నారు. చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారని తేలింది. పేదోడి బిడ్డ అంటే అనాథే అనుకునే ధీమా ఎక్కడిది? మన దగ్గర మాత్రం? తుపాను వస్తే బ్యానరు ముందు కట్టి, ఫొటో అయ్యాకే దుప్పటి వదిలే పాస్టర్లు లేరా? వాళ్ళని ముందు మనమే అడగాలి.

అయితే ఆ అడిగే హక్కు మాది, మీది కాదు. 2004 సునామీలో నాగపట్నం తీరాన సహాయ శిబిరాల నుంచి దళితుల్ని గెంటారని, నీళ్ళ ట్యాంకు ముట్టనివ్వలేదని అప్పుడే రాతపూర్వకంగా బయటికొచ్చింది. సముద్రం అందరి ఇళ్ళూ ఒకేలా ముంచింది, బిందె దగ్గరికొచ్చేసరికి కులం తేలింది. ఊరు ఒక చెంబు నీళ్ళు పోసుంటే సముద్రాలవతలి సంఘాలతో మాకు పనేముంది?

ఇంకా బియ్యం లెక్కే కావాలంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా తీయండి. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తీశారు. యేసు అన్న మాదిగకి, మాలకి మాత్రం ఎస్సీ సర్టిఫికెట్ లేదు. హాస్టల్ సీటు, ఉద్యోగం, రిజర్వుడు సర్పంచ్ పదవి, అన్నీ పోతాయి. మారితే వచ్చే బస్తా ఎంత, పోయేది ఎంత, మీరే తూచి చెప్పండి. ఆ పేరా ఎవరికోసం రాశారో వచ్చే భాగంలో.

జై భీమ్.