అంచున వెనుదిరిగే వెలుగు

సూరతు నగరంలోని వరాఛా ప్రాంతంలో నడిచే కొత్తవారికి వీధిలో వజ్రాల జాడ ఏమీ కనిపించదు. కటకటాల కిటికీలు, వాటి వెనుక బల్లల చుట్టూ వంగి కూర్చున్న పనివారు మాత్రం కనిపిస్తారు. బల్ల నడుమ గిర్రున తిరిగే చక్రాన్ని అక్కడివారు 'ఘంటి' అంటారు. నూనెలో కలిపిన వజ్రపు పొడిని ఆ చక్రానికి పూసి, దానిమీద రాతిని ఆనించి సానపడతారు. ప్రపంచంలో సానతేరే వజ్రాలలో అత్యధిక భాగం ఈ ఊరి చేతులమీదుగానే పోతున్నది.

ఆ చేతుల నేర్పు ఎక్కువగా కోణాలకు సంబంధించినది. గుండ్రంగా చెక్కే వజ్రానికి 57 ముఖాలు. కింది మొనను కూడ చదును చేస్తే 58. పై భాగాన్ని మథాళా అనీ, అడుగు భాగాన్ని తళియా అనీ సూరతు పనివారు వ్యవహరిస్తారు. కొనేవారు చూసేది పై భాగాన్నే అయినా, రాతి అదృష్టం తేలేది అడుగున. అడుగు ముఖాల వాలు సుమారు 41 డిగ్రీలు ఉండాలి. పలచన చేస్తే రాతి నడుమ చేపకన్నులాంటి వెలవెలబోయిన వలయం ఏర్పడుతుంది. లోతు ఎక్కువైతే మేకు తలలాగా నల్లని మచ్చ పడుతుంది. 1919లో మార్సెల్ టోల్కొవ్‌స్కీ అనే ఇంజనీరు, స్వయంగా వజ్రాల వ్యాపారుల వంశంలో పుట్టినవాడు, లెక్కలు కట్టి ఆ వాలు 40.75 డిగ్రీలని నిర్ణయించాడు. అంతకు ముందే సానపట్టేవారి కళ్ళు ఆ లెక్కకు చాలా దగ్గరగా చేరుకొన్నాయన్నది వేరే సంగతి.

ఇందులోని రహస్యాన్ని పాఠశాలలో అందరం చదివే ఉంటాము. వజ్రంలో గాని గాజులో గాని ప్రయాణించే కిరణం బయటి గాలిని చేరబోయేటప్పుడు, అంచును మరీ ఏటవాలుగా తాకితే బయటికి పోలేదు. మొత్తంగా లోపలికే తిరిగి వస్తుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. అద్దం వెనుక పూసే వెండిపూత కూడ కొంత కాంతిని మింగుతుంది; ఈ పరావర్తనంలో ఆ నష్టం లేదు. అంచుకు లంబంగా గీసిన గీతనుంచి కిరణం ఎంత వాలితే ఇది మొదలవుతుందో దానిని సందిగ్ధ కోణం అంటారు. గాజుకు అది సుమారు 42 డిగ్రీలు. వజ్రానికి 24న్నర డిగ్రీలే. అందువల్ల వజ్రంలో దూరిన వెలుగు అడుగు ముఖాలనుంచి తప్పించుకోలేక రెండుసార్లు వెనుదిరిగి, చూసేవారి కంటికే చేరుతుంది.

వజ్రాలకు మన దేశమే ఏకైక ప్రధానాధారంగా ఉన్న 17వ శతాబ్దంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న కొల్లూరు గనిని ఫ్రెంచి వర్తకుడు తావర్నియే స్వయంగా చూశాడు. ఆయన ప్రయాణాలలో సూరతు రేవు ఒక ముఖ్యమైన మజిలీ. తెలుగునేల రాళ్ళకూ ఈ పట్టణానికీ ఉన్న పరిచయం నేటిది కాదు.

ఇక్కడ మన ఇండ్లలోని ఒక అనుభవాన్ని జ్ఞాపకం చేయాలి. ఏడురాళ్ళ వజ్రపు దుద్దులు కొంతకాలం వాడేసరికి మందగిస్తాయి. పెద్దవారు వాటిని కుంకుడు రసంలో నానవేసి, వెనుకవైపు మెత్తని కుంచెతో తోముతారు. రాయి అరిగిందా? లేదు. తలనూనె, సబ్బు జిడ్డు వెనుక ముఖాలకు పట్టాయి. అంచుకు అవతల గాలి ఉండవలసిన చోట నూనె చేరేసరికి సందిగ్ధ కోణం 24న్నరనుంచి 38 డిగ్రీల దరిదాపులకు పోతుంది. వెనుదిరగవలసిన వెలుగులో కొంత చెవి వైపుకు జారిపోతుంది. వెలుగును నిలిపేది రాయి ఒక్కటే కాదు, రాయికి అవతల ఉన్నది కూడ.

ఈ చిన్న విషయాన్ని గ్రహించడానికి కాంతిని గాజు పోగులో నడిపించబోయిన శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది. 'పోగు' అనే మాటను కావాలనే వాడుతున్నాను. పాఠ్యపుస్తకాలు 'దృశా తంతువు' అంటాయి, తప్పు కాదు. కాని కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుంచి వచ్చి సూరతులో మరమగ్గాలు నడుపుతున్న మన పద్మశాలీలకు, కరిగిన ముద్దను సన్నని రంధ్రాల గుండా సాగదీసి నూలు తీయడం వింత కాదు. ఈ ఊరి పాలియెస్టరు చీరల నూలు పుట్టేది అలాగే. గాజు పోగు కూడ అటువంటిదే: గాజు కడ్డీ కొనను సుమారు 2,000 డిగ్రీల వేడిలో మెత్తబరచి కిందికి లాగుతారు. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు.

వంగిన దారిలో వెలుగు నడుస్తుందని 1840ల ప్రారంభంలోనే జెనీవాలో కొలడాన్ నీటిధారతో చూపాడు. ఆ కీర్తి చాలాకాలం 1854లో అదే ప్రయోగం లండనులో చేసిన టిండాల్‌కు దక్కింది. గాజుపోగుల కట్ట గుండా బొమ్మను పంపే కృషిలో మొదట ప్రసిద్ధుడైనవాడు మనవాడే. 1926లో పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, వెలుగు తిన్నగానే పోతుందని చిన్ననాడు ఉపాధ్యాయుడు చెప్పిన మాటను కాదని నిరూపించాలనే పట్టుదల తనను ఈ దారి పట్టించిందని చెప్పుకొనేవాడు. లండను ఇంపీరియల్ కళాశాలలో ఆచార్య హాప్‌కిన్స్‌తో కలసి ఆయన వేలకొలది పోగుల కట్టతో బొమ్మను పంపి, 1954 జనవరి 2వ తేదీ 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. ఈ శాస్త్రానికి 'ఫైబర్ ఆప్టిక్స్' అనే పేరు వ్యాపింపజేసినదీ ఆయనే.

అయితే ఆ పోగులు దిగంబరమైనవి. ఒకదానికొకటి తగిలిన చోట, చేతి చెమట అంటిన చోట వెలుగు కారిపోయేది. మన దుద్దుల జబ్బే! అదే సంచికలో హాలెండుకు చెందిన వాన్ హీల్, పోగుకు తక్కువ వక్రీభవన గుణకం గల పూత వేయాలని రాశాడు. ఆ పూత గాజుదే కావాలని పట్టుబట్టినవాడు లారెన్స్ కర్టిస్. 1956లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఇంకా పట్టం పుచ్చుకోని విద్యార్థి. మంచి గాజు కడ్డీని నాసి గాజు గొట్టంలో దూర్చి, రెండింటినీ కలిపి కరిగించి లాగాడు. పెద్దలు పెదవి విరిచారట. పోగు మాత్రం పనిచేసింది. మరుసటి ఏడే డాక్టరు హిర్షొవిట్జ్ దానితో మనిషి జీర్ణకోశం లోపల చూశాడు. 'నాసి' అన్నాను గాని, ఇక్కడ నాసితనం ఒక్క వక్రీభవనంలోనే. నడిచే దారి గర్భానిదైనా, దారి తప్పకుండా కాచేది ఈ కవచమే. నేటి టెలిఫోను పోగులలో ఈ రెండింటి తేడా వెయ్యింట నాలుగు పాళ్ళకు మించదు. గర్భం మందం సుమారు 9 మైక్రాన్లు.

తరువాతి చిక్కు మకిలిది. నాటి గాజులో వెలుగు కొద్ది మీటర్లకే చచ్చేది. లోపం గాజుది కాదు, అందులోని ఇనుము, రాగి వంటి మలినాలది అని 1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ వాదించారు. కిలోమీటరు నడిచాక నూటికి ఒక పాలు వెలుగు మిగిలితే చాలు, టెలిఫోను నడపవచ్చునన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మారర్, కెక్, షుల్ట్జ్ ఆ గీత దాటారు. 1979లో జపానువారి పోగులో కిలోమీటరుకు నూటికి 95 పాళ్ళు మిగిలింది. అదే ఏట మన దేశంలో మొదటి గాజుపోగు టెలిఫోను లైను పుణెలో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇంతవరకు కథ వెలుగును నడిపించడం గురించి. దానిని వడపోయడం ఇంకా చిత్రమైన కథ. ఒకే పోగులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సందేశం అప్పగిస్తే, పోగు ఒకటే అయినా దారులు అనేకం అవుతాయి. కాని అవతలి ఒడ్డున రంగు రంగును విడదీయాలి. దారికీ దారికీ తేడా మిల్లీమీటరులో పది లక్షల వంతు కన్న తక్కువ. వజ్రం కూడ తన 'నిప్పు'తో రంగులు విడదీస్తుంది గాని, అంత నిక్కచ్చి దాని వల్ల కాదు.

1978లో కెనడా రాజధాని ఒట్టావాలో కెన్నెత్ హిల్, ఆయన సహచరులు జెర్మేనియం కలిపిన గాజుపోగులోకి ఆర్గాన్ లేజరు వెలుగును పంపుతున్నారు. నిమిషాలు గడిచినకొద్దీ ఆవలి కొనకు చేరే వెలుగు తగ్గసాగింది. వచ్చిన దారినే వెనుదిరిగే వెలుగు పెరగసాగింది. పరికరం పాడైందని పక్కన పెట్టగల సందర్భమే. వారు కారణం వెదికారు. పోగు చివరి కొనవద్ద నూటికి నాలుగు పాళ్ళ వెలుగు సహజంగానే వెనక్కు వస్తుంది. పోయే తరంగము, వచ్చే తరంగము కలసి పోగు పొడవునా కదలని చారలు ఏర్పరచాయి. వెలుగు ఎక్కువగా ఉన్న ప్రతి చారవద్దా గాజు గుణం రవంత మారింది. వెలుగు తన జల్లెడను తానే గాజులో నేసుకున్నది!

నేత అన్న మాట ఉత్త అలంకారం కాదు. చీరకు అంగుళానికి అరవయ్యో డెబ్బయ్యో పేక పోగులు పడతాయి. టెలిఫోనుకు వాడే 1550 నానోమీటర్ల వెలుగుకు తగిన జల్లెడలో ఒక్క సెంటీమీటరులో 18,000కు పైగా చారలు. ప్రతి చారా ఒక చిన్న అంచు. ఒక్కొక్క అంచు తిప్పి పంపేది లెక్కకు రానంత స్వల్పం. కాని ఏ రంగు తరంగం ఈ చారల ఎడంతో సరిగ్గా జతకూడుతుందో దానికి అన్ని అంచుల తిప్పుళ్ళూ ఒకదానికొకటి తోడై, ఆ రంగు మొత్తంగా వెనుదిరుగుతుంది. తక్కిన రంగులు అసలు ఏమీ అడ్డం లేనట్లు సాగిపోతాయి. స్ఫటికాలపై ఎక్స్ కిరణాలకు బ్రాగ్ తండ్రీకొడుకులు చెప్పిన సూత్రమే ఇది. అందుకే దీనికి బ్రాగ్ గ్రేటింగ్ అని పేరు.

హిల్ జల్లెడకు ఒక లోపం ఉండేది: తనను నేసిన రంగునే అది తిప్పగలదు. పదకొండేళ్ళ తరువాత, 1989లో, అమెరికాలో మెల్ట్జ్, మోరీ, గ్లెన్ ఆ చిక్కు విప్పారు. రెండు అతినీలలోహిత కిరణాలను పోగు పక్కనుంచి ఒక కోణంలో కలిపితే చారలు పడతాయి. కోణం మారిస్తే చారల ఎడం మారుతుంది, కోరిన రంగుకు జల్లెడ తయారు. మళ్ళీ కోణమే! రంగులను విడదీసే సాధనాలు ఇతరమైనవి కూడ ఉన్నాయి గాని, పోగును తెంపకుండా పోగులోనే ఉండే వడపోత ఇది. పోగును లాగినా, వేడి చేసినా చారల ఎడం మారి తిప్పే రంగు మారుతుంది గనుక, వంతెనల ఒత్తిడిని కనిపెట్టడానికి కూడ దీనిని వాడుతున్నారు.

కావోకు 2009లో నోబెల్ బహుమానంలో సగభాగం లభించింది. అప్పటికే ఆయనకు మతిమరపు జబ్బు ముదిరింది. బహుమాన ప్రసంగం ఆయన భార్య గ్వెన్ చేశారు. కపానీకి నోబెల్ రాలేదు. 2020లో ఆయన మరణించగా, 2021లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇవ్వవలసినదని నా అభిప్రాయం.

సూరతులోని లింబాయత్, ఉధ్నా పేటలలో మగ్గం దిగిన మనవారు ఒకప్పుడు రాత్రి రేటు తగ్గే వేళకోసం ఎస్.టి.డి. బూతుల ముందు నిలబడేవారు. గోడమీది ఎర్ర అంకెలు పరుగెత్తుతూంటే తల్లి ఆరోగ్యము, పిల్ల పెండ్లిమాట గబగబ ముగించవలసి వచ్చేది. నేడు అదే మనిషి సిరిసిల్లలోని తల్లి ముఖం చూస్తూ తీరికగా మాట్లాడుతున్నాడు. రేట్లు పడిపోవడానికి సంస్థల పోటీ, ప్రభుత్వ నిర్ణయాలు కూడ కారణమే. కాని ఒక్క పోగులో డజన్ల కొద్దీ రంగుల దారులు వేయలేకపోతే, మాటతోబాటు ముఖాన్ని కూడ మోసే చోటు ఎక్కడినుంచి వచ్చేది?

రోడ్డు తవ్వినప్పుడు ఆ పోగులు తెగుతుంటాయి. అతికే పనివాడు గోతి పక్కన పెట్టె తెరచుకొని కూర్చుంటాడు. పోగుమీది ప్లాస్టిక్ పొర ఒలిచి, గాజును స్పిరిటు అద్దిన గుడ్డతో తుడుస్తాడు. కొన నిటారుగా విరిగేలా గీటు పెడతాడు. కంటికి ఆనని దుమ్ము రేణువైనా తొమ్మిది మైక్రాన్ల గర్భానికి కొండంత. రెండు కొనలూ ఎదురెదురుగా నిలిపాక యంత్రంలో విద్యుత్తు ఒక్క క్షణం మెరిసి, గాజు గాజులో కలసిపోతుంది. యంత్రం తెరమీద నష్టం ఎంతో అంకె పడుతుంది. ఎక్కువైతే కొన విరిచి, మళ్ళీ తుడిచి, మళ్ళీ అతుకుతాడు.