బస్తర్ తీర్పు శ్రామికుల తీర్పు కూడా

2011 జూలై 5న, పదవీ విరమణకు మూడు దినాల ముందు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్‌తో కూడిన ధర్మాసనం నుండి బస్తర్ సల్వాజుడుం కేసులో తీర్పు వెలువరించారు. 2025లో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచినప్పుడు కేంద్ర హోంమంత్రి ఆ తీర్పునే ఆయనపై అభియోగంగా మోపారు. అది రాకపోయివుంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదన్నారు. ఎన్నిక సెప్టెంబరు 9న ముగిసింది. సుదర్శన్ రెడ్డి ఓడిపోయారు. తీర్పు లేవనెత్తిన ప్రశ్న మాత్రం ముగియలేదు. అది కార్మికవర్గపు ప్రశ్న కూడా అని మేము భావిస్తున్నాము.

సుదర్శన్ రెడ్డి ప్రభుత్వానికి పరాయివారు కారు. 1971లో న్యాయవాదిగా నమోదైన ఆయన 1988–90లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగాను, 1990లో ఆరు నెలలపాటు కేంద్ర ప్రభుత్వ అదనపు స్టాండింగ్ కౌన్సిల్‌గాను పనిచేశారు. ప్రభుత్వ న్యాయవాదికి కక్షిదారు ఒక మంత్రో, ఒక శాఖాధిపతో కాదు. రాజ్యాంగానికి బద్ధమైన రాజ్యం. శాఖ పంపిన అఫిడవిట్ ఆ రాజ్యాంగానికి నిలుస్తుందా అని అడగడం ఆ వృత్తిధర్మంలో భాగమే. ఆ ప్రశ్నే తరువాత న్యాయపీఠంపై నుండి వినిపించింది.

2007లో నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన ఆ కేసులో ప్రత్యేక పోలీసు అధికారుల నియామకపు షరతులు వెల్లడయ్యాయి. ఐదవ తరగతి చదివితే చాలును. శిక్షణ రెండు నెలలు. నెలకు 3,000 రూపాయల గౌరవవేతనం. అందులో 80 శాతం కేంద్రానిది. ఉద్యోగం తాత్కాలికం. 2011 నాటికి ఇట్టివారు 6,500 మంది. వీరిలో దాదాపు 170 మంది అప్పటికే హతులైనారు. ఇది గిరిజన యువకులకు ఉపాధి అని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఇట్టి నియామకం సమానత్వపు హక్కును, జీవించే హక్కును, అనగా 14, 21 అధికరణాలను ఉల్లంఘిస్తున్నదని కోర్టు తేల్చింది. మావోయిస్టు హింసను ఎదుర్కొనే బాధ్యత ప్రభుత్వానికి లేదని కోర్టు అనలేదు. ఆ బాధ్యతను చౌకగా దొరికిన పేదల నెత్తిన పెట్టరాదన్నది.

ఈ షరతులు మనకు ఎరుగనివా? పని శాశ్వతం, పనిమనిషి తాత్కాలికం. జీతానికి బదులు గౌరవవేతనం. అంగన్‌వాడీ ఉద్యోగినులు దశాబ్దాలుగా పోరాడుతున్నది దీనిపైనే. బస్తర్‌లో ప్రాణం కూడా ఆ లెక్కలో చేరింది. విశాఖ రేవుకు ఇనుప ఖనిజం పంపే బైలదిల్లా గనులలో, యంత్రీకరణ పేర తొలగింపుకు గురై ఆందోళన చేసిన కార్మికులపై 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ఆనాడు తుపాకి ఎదుట నిలిచినవాడు పేదవాడు. 2005 తరువాత తుపాకికి ఇరువైపులా నిలిచినవాడూ పేదవాడే. ఈ రెంటికీ చిక్కక ఊళ్లు వదిలిన కుటుంబాలు ఖమ్మం, గోదావరి అడవులకు వచ్చి మన మిరప చేలలో కూలి చేస్తున్నాయి.

తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు దళ చట్టం చేసింది. శాసనం చేయడం కోర్టు ధిక్కారం కాజాలదని 2025 మేలో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను ముగించింది. చట్టం చేయగల అధికారం వేరు, ఆ చట్టం క్రింద పనిచేసేవాని హక్కు వేరు. రెండవదానికి కాపలా కాయవలసినది సంఘాలే.

అందుచేత ఈ తీర్పును ప్రతి శాఖలోనూ చదివి చర్చించవలసిందని కోరుతున్నాము. వలస కూలీలైన బస్తర్ గిరిజనులను వ్యవసాయ కార్మిక సంఘాలలో సభ్యులుగా చేర్చుకోవాలి; వారికి కనీస వేతనం, రేషను, న్యాయసహాయం దక్కేవరకు వెంట నిలవాలి. యువకునికి ఉపాధి ఇస్తున్నామనే ప్రభుత్వం ముందుగా అతనికి బడి, భూమి, జీతం ఇచ్చిందా అని అడగాలి. ఆ ప్రశ్న వేసిన న్యాయమూర్తిపై నింద మోపినంత మాత్రాన దానికి జవాబు చెప్పినట్లు కాదు.